పాత యూఫోనియాన్ని తూకానికి వేసే ముందు దాని గుణం తెలుసుకుందాం



వచ్చే నెల సర్వసభ్య సమావేశం అజెండాలో ఏడో అంశాన్ని చాలామంది గమనించి ఉండరు. "స్టోరు గదిలో వాడుకలో లేని పాత సామాన్ల విక్రయం" అని ఒక్క ముక్క రాశారు. ఆ పట్టికలో విరిగిన కుర్చీలు, రెండు పెట్రోమాక్స్ దీపాలు, అడుగు ఊడిన అండా ఉన్నాయి. వాటి మీద మాకు ఏ పేచీ లేదు. చివరన "ఇత్తడి బూర, 1" అని కూడా ఉంది. ఈ పొడుగాటి రాత దాని గురించే.

మేం నలుగురం ఎనిమిది నెలలుగా ఆ బూరతో కూర్చుంటున్నాం. ఇద్దరం రైల్వేలో రిటైరైనవాళ్లం, ఒకరు ఆఫీసు, ఒకరు వర్క్‌షాపు ఫిట్టరు. మూడోవారు గుడిలో తవిల్ వాయించేవారు. నాలుగో మనిషి తూర్పు వీధి తాత. ఆయనకు ఎనభై నాలుగు. ఒకప్పుడు మన శ్రీరామనవమి ఊరేగింపులో ఈ వాద్యాన్ని మోసింది, ఊదింది ఆయనే. ఈ నలుగురి తరఫున రాస్తున్నాం.

మొదట పేరు సరిచేయాలి. అది ఉత్త బూర కాదు, యూఫోనియం. గ్రీకు భాషలో తీయని గొంతు అని అర్థం వచ్చే మాట నుంచి ఆ పేరు పుట్టింది. చుట్టలు చుట్టిన గొట్టాన్ని సాగదీస్తే తొమ్మిది అడుగుల పైచిలుకు ఉంటుంది. మూడు వాల్వులు. పైన వెండి పూత. బెల్ మీద చెక్కిన అక్షరాలను భూతద్దం పెట్టి చదివితే బూసీ అండ్ కో, 295 రీజెంట్ స్ట్రీట్, లండన్ అని ఉంది. ఆ కంపెనీ 1930లో హాక్స్ కంపెనీతో కలిసి బూసీ అండ్ హాక్స్ అయింది. మన దాని మీద ఒక్క బూసీ పేరే ఉంది కాబట్టి అది 1930కి ముందుదని చెప్పవచ్చు. అంటే మనలో ఎవరికన్నా అది పెద్దది.

కమిటీవారు దాన్ని అమ్మడానికి చెప్తున్న కారణాలు మూడు. అది శ్రుతికి కలవదు. వాల్వులు పట్టేస్తాయి. ఊదేవాళ్లు లేరు. ఈ మూడూ పైకి నిజాలే. కానీ ఒక్కొక్కటీ విప్పి చూస్తే వేరే సంగతి తెలుస్తుంది.

శ్రుతి సంగతి ముందు చూద్దాం. పోయిన ఏడాది పాటల కార్యక్రమంలో కీబోర్డు పక్కన దాన్ని ఊదించి చూశారు, చెవులు మూసుకున్నారు. అప్పటి నుంచి "అపస్వరాల బూర" అని పేరు పడింది. మేం దాన్ని ఫోన్‌లోని ట్యూనర్ ముందు పెట్టి చూశాం. వాల్వు నొక్కకుండా ఊదితే ఆరున్నర కట్టై రావాలి. ముల్లు ఆరున్నరకూ ఏడుకూ నడిమధ్యన నిలబడింది. రెండో రోజూ అంతే, వారం తర్వాతా అంతే. పాడైన వాద్యం ఇంత కచ్చితంగా తప్పదు కదా అనిపించింది.

కారణం ఏమంటే, ఆ కాలంలో ఇంగ్లండు బ్యాండ్లకు శ్రుతి వేరు. ఇప్పుడు ప్రపంచమంతా వాడే కొలతలో ఎ స్వరానికి సెకనుకు 440 కంపనాలు. ఈ కొలతను 1939లో లండన్‌లో జరిగిన సమావేశంలో ఒప్పుకున్నారు. దానికి ముందు బ్రిటిష్ బ్యాండ్లు దాదాపు 452 కంపనాల శ్రుతి వాడేవి. అక్కడి బ్రాస్ బ్యాండ్లు 1960ల దాకా ఆ పాత శ్రుతిని వదల్లేదు. ఈ రెంటికీ తేడా దాదాపు సగం అర్ధస్వరం. మన ట్యూనర్‌లో ముల్లు నిలబడిన చోటు సరిగ్గా అదే. అంటే మన యూఫోనియం తప్పలేదు. తన కాలపు శ్రుతిలో అది నిక్కచ్చిగా ఉంది. తప్పు దాన్ని కీబోర్డు పక్కన పెట్టి, సవరించకుండా ఊదించడంలో ఉంది.

సవరించడం కూడా పెద్ద విద్య కాదు. గొట్టం పొడుగైతే శ్రుతి దిగుతుంది. మెయిన్ ట్యూనింగ్ స్లైడును ఒకటిన్నర అంగుళం పైచిలుకు బయటికి లాగితే సరిపోతుంది. అయితే అంతటితో ఆగితే వాల్వు నొక్కిన స్వరాలు మళ్లీ తప్పుతాయి, ఎందుకంటే వాల్వుల గొట్టాలు కూడా పాత శ్రుతికి కొలిచినవే. మొదటి వాల్వు స్లైడు అర సెంటీమీటరు, రెండోది దానిలో సగం, మూడోది ముప్పాతిక సెంటీమీటరు లాగాలి. మా ఫిట్టరు మిత్రుడు ఈ లెక్క వేసి, ప్రతి స్లైడు మీద పెన్సిలుతో సన్నగా గీత గీశాడు. ఇప్పుడు ఎవరైనా ఆ గీతల దాకా లాగి ఊదితే కీబోర్డుతో గొడవ లేదు.

ఎండ సంగతి కూడా చెప్పాలి. గాలి వేడెక్కితే శ్రుతి పైకి పోతుంది. మార్గళి తెల్లవారుజామున ఊదే శ్రుతికి, చిత్తిరై మాసం మధ్యాహ్నం ఊరేగింపులో ఊదే శ్రుతికి చాలా తేడా ఉంటుంది. తాత దీన్ని లెక్కలతో చెప్పడు. "గుడి నుంచి తేరు ముట్టు దాకా వచ్చేటప్పటికి ఒక వేలెడు లాగాల్సి వస్తుంది" అంటాడు. పరీక్షించి చూశాం, ఆ వేలు లెక్క దాదాపు సరిపోయింది.

ఇంకో సంగతి మమ్మల్నే ఆశ్చర్యపరిచింది. వాల్వు ఏదీ నొక్కకుండా పెదవి బిగువు మారుస్తూ పోతే ఈ వాద్యం వరసగా స, ప, పై స, గ, ప పలుకుతుంది. ఆ గాంధారం ట్యూనర్‌లో ఎప్పుడూ తక్కువగానే కనబడింది, అర్ధస్వరంలో ఏడో వంతు. లోపమేమో అనుకుని తాతను అడిగితే ఆయన తంబూరా శ్రుతిపెట్టె పెట్టమన్నాడు. దాని పక్కన ఊదితే గాంధారం పాలలో చక్కెరలా కలిసిపోయింది. తంబూరా మంద్ర తీగ మీటితే తనంతట తాను వినబడే అంతర గాంధారం ఇదే. పన్నెండు సమాన భాగాలు చేసిన కీబోర్డులో అది ఉండదు. కీబోర్డును న్యాయాధికారిగా కూర్చోబెడితే ఈ గాంధారానికి శిక్ష పడుతుంది. తంబూరాను కూర్చోబెడితే కీబోర్డుకే పడుతుంది.

అన్నీ దాని సుగుణాలే అని చెప్పడం లేదు. నిజమైన వంకలు ఉన్నాయి. రెండో వాల్వు అర్ధస్వరం దించుతుంది, మొదటిది పూర్తి స్వరం, మూడోది ఒకటిన్నర. విడివిడిగా నొక్కినప్పుడు సరిగ్గానే ఉంటాయి. మూడూ కలిపి నొక్కితే గొట్టం చాలదు, స్వరం పైకి నిలబడుతుంది. ఎందుకంటే ఒక్కో వాల్వు గొట్టాన్నీ ఖాళీ వాద్యం పొడుగుకు కొలిచారు. అప్పటికే పొడుగైన గొట్టానికి ఇంకా ఎక్కువ కలపాలి. మన సంగీతంలో దీని దెబ్బ సరిగ్గా ఎక్కడ తగులుతుందో చూడండి: కింది స్థాయి శుద్ధ రిషభం మూడు వాల్వులూ కలిపి నొక్కితేనే వస్తుంది, అది సగం అర్ధస్వరం హెచ్చు. అంటే పిల్లలకు మొదట నేర్పే మాయామాళవగౌళలో రెండో స్వరమే చెడుతుంది. సరళి వరస మొదటి రోజే బిడ్డ "నాకు రాదు" అని ఏడుస్తుంది. బిడ్డ తప్పు కాదు, వాద్యం తప్పూ కాదు. పై స్థాయిలో మొదలుపెడితే అదే రిషభం ఒకటి, రెండు వాల్వులతో వస్తుంది, తేడా ఎంతో స్వల్పం. తాత అందుకే పాఠం పై షడ్జం నుంచి మొదలుపెట్టిస్తాడు. కింది రిషభం వచ్చినప్పుడు మూడో స్లైడు ఇంకొంచెం లాగి, పెదవి కాస్త వదులు చేసి దాన్ని కిందికి దించుతాడు. ఇది ఏ పుస్తకం చూసి నేర్చుకున్నదీ కాదు, ఈ ఒక్క వాద్యంతో ఏళ్ల తరబడి కాపురం చేసి తెలుసుకున్నది.

ఇక వాల్వులు పట్టేయడం. మేం విప్పి చూసినప్పుడు లోపల కనబడినవి రెండు. ఒకటి, ప్రతి ఆయుధపూజకూ మనం భక్తితో పెట్టిన చందనం. అది పిస్టన్ కాడల వెంట కారి లోపల గట్టిపడింది. రెండు, ఎవరో పోసిన కొబ్బరినూనె. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గర పేరుకుంటుంది. ఎండాకాలంలో బాగానే ఆడిన వాల్వు మార్గళి భజనలో బిగుసుకుపోవడంలో వింత ఏముంది? గోరువెచ్చని నీళ్లు, కొంచెం మెత్తని సబ్బు, పాత మెత్తని గుడ్డ వాడాం. తర్వాత పల్చటి వాల్వు నూనె నాలుగు చుక్కలు. కుట్టుమిషను నూనె కూడా పనికిరాదు, అది దీనికి చిక్కన.

పిస్టన్ల మీద 1, 2, 3 అని అంకెలు ఉన్నాయి. ఒకదాని గూట్లో ఇంకొకటి పెడితే గాలి పోదు. ఇదివరకు ఒకసారి శుభ్రం చేసినవారు అలా మార్చి పెట్టి, "లోపల అడ్డుపడింది, ఇక పనికిరాదు" అని తేల్చారట. లోపలి ఫెల్టు, కార్కు అరిగితే పిస్టన్ రంధ్రాలు గొట్టం రంధ్రాలకు ఎదురుగా నిలబడవు, గొంతు మూసుకున్నట్టు పలుకుతుంది. అవి మార్చాం. మూడో పిస్టన్‌కు మాత్రం ఒక గుణం మిగిలింది. గూడు బయట చిన్న సొట్ట ఉంది. వేలు పక్కకు వాల్చి నొక్కితే పైకి రాదు, వేలికొసతో నిటారుగా నొక్కితే ఠక్కున లేస్తుంది. సొట్ట తీయించవచ్చు, కానీ పని తెలిసిన చెయ్యి దొరికేదాకా వేలినే సరిచేసుకోవడం మేలు.

మౌత్‌పీసు కథ వేరు. కొన్నేళ్లుగా దానికి బజారులో కొన్న కొత్త మౌత్‌పీసు పెట్టి, దారం చుట్టి వాడారు. ఆ కాలపు బ్రిటిష్ యూఫోనియాల మౌత్‌పీసు కాడ ఇప్పటి చిన్న సైజుకూ పెద్ద సైజుకూ మధ్యలో ఉంటుంది. చిన్నది పెడితే లోపలికి దిగిపోయి ఊగుతుంది, పెద్దది దూరదు. దారం చుట్టిన చోట గాలి పోయేది, స్వరం ఊగేది. అసలుది తాత ట్రంకుపెట్టెలో, పాత పంచె ముక్కలో చుట్టి ఉంది. "సంఘం అడిగితే ఇచ్చేవాణ్ణి, అడగలేదు" అన్నాడు. అది పెట్టి ఊదినరోజు పక్క వీధివాళ్లు వచ్చి చూశారు.

ఇంతా చేసి అయిన ఖర్చు పదిహేను వందల లోపే.

ఇప్పుడు మూడో కారణం, ఊదేవాళ్లు లేరు అన్నది. తాతకు ఊపిరి చాలదు, నిజమే. అయితే ఆయన వేళ్లు మరవలేదు. ఆరు నెలలుగా ఇద్దరు పిల్లలు ఆయన దగ్గర కూర్చుంటున్నారు, ఒకడు పదో తరగతి, ఒకతె పదకొండు. ఆడపిల్ల ఊదడమేమిటని ఒకరిద్దరు గొణిగారు. ఆ అమ్మాయి పెదవి బిగువు విన్న తర్వాత గొణుగుడు తగ్గింది. ఇప్పటికి సరళి, జంట వరసలు దాటి, ఒక నొట్టుస్వరం దాకా వచ్చారు.

నొట్టుస్వరం అన్నాం కాబట్టి ఒక మాట. "ఇంగ్లీషువాడి బూరకు మన సంఘంలో ఏం పని" అని కమిటీలో ఒక పెద్దమనిషి అడిగారు. తంజావూరులో రెండో శరభోజి మహారాజు (1798 నుంచి 1832 దాకా) ఆస్థానంలో పాశ్చాత్య బ్యాండు ఉండేది. అదే కాలంలో ముత్తుస్వామి దీక్షితులు ఇంగ్లీషు బ్యాండు వరసలు విని వాటికి సంస్కృత సాహిత్యం కట్టారు. వాటినే నొట్టుస్వర సాహిత్యాలంటాం. ఆ సంప్రదాయాన్ని గ్రంథస్థం చేసిన సుబ్బరామ దీక్షితుల సంగీత సంప్రదాయ ప్రదర్శిని 1904లో ఎట్టయపురంలో, తెలుగు లిపిలో అచ్చయింది. తమిళదేశం నడుబొడ్డున, తెలుగులో. ఇంకా ఈ వాద్యం మనది కాదంటే ఏమనాలి?

మన మాట కూడా ఈ వాద్యం లాంటిదే. ఆంధ్ర నుంచి వచ్చిన చుట్టం మన తెలుగు విని నవ్వుతాడు. ఇదెక్కడి తెలుగు, తప్పులు మాట్లాడుతున్నారు అంటాడు. తమిళ బడిలో చదువుకుని, ఇంట్లో మాత్రం తెలుగు విన్నవాళ్లం మనం. మన యాస తప్పు కాదు, ముందటి తరాల శ్రుతి. దాన్ని సవరించుకోవడం వేరు, పారేయడం వేరు. ఈ ఊళ్లో ఆ తేడా అందరికన్నా మనకే బాగా తెలియాలి.

రెండు ప్రత్యామ్నాయాలు కూడా వినబడుతున్నాయి. ఒకటి, దీన్ని ఇచ్చేసి కొత్తది కొనడం. మీరట్‌లో జాలీ కోఠీ వీధి నిండా బ్యాండు వాద్యాల దుకాణాలే, కొత్తది దొరుకుతుంది. డబ్బుంటే కొనండి, రెండు ఉంటే ఇద్దరు పిల్లలూ ఒకేసారి ఊదవచ్చు. కానీ పాతదాన్ని ఇత్తడి తూకానికి వేసి వచ్చే డబ్బు కొత్తదాని పెట్టెకు కూడా చాలదు.

రెండోది, స్వర్ణోత్సవానికి దీన్ని తళతళా తోమించి గాజు అలమారలో పెట్టడం. ఇది మంచి మనసుతో వచ్చిన మాటే, కానీ మాకు దీనితోనే ఎక్కువ భయం. బఫింగ్ చక్రం మీద పెడితే వెండి పూత పోతుంది, కింద ఇత్తడి పల్చబడుతుంది. ఇత్తడి అంటే రాగి, జింకు. ఊపిరి తేమకు ఏళ్ల తరబడి జింకు పోయిన చోట గులాబీరంగు మచ్చలు పడతాయి, మౌత్‌పీసు తర్వాతి గొట్టంలో ఇప్పటికే రెండు ఉన్నాయి. అక్కడ తోమితే చిల్లి పడుతుంది. ఇంట్లో బిందెలు తోమినట్టు చింతపండు పెట్టి తోమే ఆలోచన అంతకన్నా చేటు. పులుపు ఉండిపోతే ఇత్తడిలో జింకునే లాగుతుంది, చింతపండు పిప్పి పిస్టన్లలో చేరుతుంది. నల్లబడిన వెండికి మెత్తని గుడ్డ చాలు. కొంచెం నల్లగా ఉంటే ఉండనిద్దాం, పలికితే చాలదా?

పైగా అలమారలో పెట్టిన వాల్వు ఆడదు. రోజూ కదిపే పిస్టన్ పట్టదు, ఏడాదికోసారి కుంకుమ పెట్టే పిస్టనే పడుతుంది.

మేం ఒక నోటుపుస్తకం పెట్టాం. ప్రతి స్వరానికి ఏ వేలు, ఎంత స్లైడు, ఎక్కడ పెదవి వదలాలి, ఏ నెలలో ఏం మారుతుంది, అన్నీ తెలుగులో, స రి గ మ లలో రాస్తున్నాం. ముప్పై రెండు పేజీలు అయింది. ఇందులో మూడొంతులు తాత నోటి నుంచి వచ్చినవి. సగం సంగతులు అడిగితే చెప్పలేడు, వాద్యం చేతిలో పెడితేనే గుర్తొస్తాయి. "ఇక్కడ ఇట్లా చెయ్యాలి" అని వేలు తనంతట తాను కదుపుతాడు, మేం చూసి రాసుకుంటాం. వాద్యం అమ్మేస్తే ఆయన జ్ఞాపకాన్ని కూడా అదే త్రాసులో వేసినట్టే. ఇంకో వాద్యం తెచ్చిస్తే ఆ వేళ్లకు ఆ దారులు ఉండవు. ఆయన వయసు మళ్లీ చెప్పనక్కరలేదు.

అందుకే సభ్యులకు మా మనవి ఇది.

ఏడో అంశం నుంచి "ఇత్తడి బూర" అన్న మాట తీసివేయాలి. సామాన్ల రిజిస్టరులో దాని పేరు, సీరియల్ నంబరు సరిగ్గా రాయాలి. వాద్యాన్ని ఒక ఏడాది ఆ ఇద్దరు పిల్లల చేతిలో, తాత పర్యవేక్షణలో ఉంచాలి. నూనె, ఫెల్టు ఖర్చు మేం పెట్టుకుంటాం, సంఘం ఒక్క రూపాయి ఇవ్వనక్కరలేదు. సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకా మేడ మీద గది తాళం ఇస్తే చాలు. చప్పుడు గురించి ఎదురింటివారితో మాట్లాడాం, పరీక్షల నెలలో ఆపుతామని ఒప్పుకున్నాం.

వచ్చే శ్రీరామనవమికి ఊరేగింపులో ఆ పిల్లలు ఊదుతారు. అందరూ వినండి. శ్రుతి కలవకపోతే ఆ తర్వాతి సమావేశంలో మీరు ఏం తీర్మానిస్తే దానికి మేం చెయ్యెత్తుతాం.

అప్పటిదాకా దాని మీద చందనం పెట్టాలనుకున్నవారు దయచేసి పెట్టె మీద పెట్టండి.